బాస్కెట్‌బాల్ సెంటర్లలో అగ్రగణ్యుడెవరు? – ఒక పరిశీలన

తిక్కన గొప్పవాడా, పోతన గొప్పవాడా అని తెలుగువారు, మీర్ గొప్పవాడా, గాలిబ్ గొప్పవాడా అని ఉర్దూవారు తరతరాలుగా వాదించుకొంటూనే ఉన్నారు. ఆ వాదాలు తేలలేదు. అయినను వాటి పుణ్యమా అని ఇరుపక్షాల కవిత్వాన్నీ శ్రద్ధగా చదివినవారు ఏర్పడ్డారు. క్రీడలను గూర్చిన వాదాలకు కూడా ఇట్టి ప్రయోజనమే కలదని మా విశ్వాసం. వృత్తి బాస్కెట్‌బాల్ చరిత్రలో 'సెంటర్' స్థానంలో ఆడినవారందరిలో అగ్రగణ్యుడెవరు అనే ప్రశ్న అట్టి వాటిలో ఒకటి. దీనిని గూర్చి మా మిత్రబృందంలో జరిగిన చర్చను ఒక క్రమంలో పెట్టి పాఠకుల ముందుంచుతున్నాము.

గోపన్‌పల్లిలో ఈ వాదం వినబడడం నేడు వింత కాదు. ఒకనాడు శేరిలింగంపల్లి మండలంలో పొలాల నడుమ ఉండిన ఈ పల్లె ఇప్పుడు కంప్యూటర్ సంస్థల నడుమ ఉన్నది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట శీతకాలంలో మనకు ఉదయం ఆరు గంటలకు కనబడుతుంది. రాత్రి పాళీ ముగించుకొని ఇంటికి చేరే ఉద్యోగి, తరగతికి బయలుదేరే విద్యార్థి ఒకే ఆటను ఒకే వేళ చూస్తున్నారు. చూచినవారు ఊరుకోరు కదా! కాని వాదించేవారిలో అధికులు తాము కన్నులారా చూచిన ఆటగాడినే గొప్పవాడంటారు. తక్కినవారు అంకెల పట్టికను తెరిచి, ఎక్కువ పాయింట్లు చేసినవాడే గొప్పవాడంటారు. ఈ రెండు మార్గాలూ చాలవని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా సెంటర్ అనగా ఎవరో చెప్పుకొందాం. జట్టుకు ఐదుగురు ఆటగాళ్ళు. ఇద్దరు గార్డులు బంతిని నడిపిస్తారు. ఇద్దరు ఫార్వర్డులు ప్రక్కల నుండి దాడి చేస్తారు. ఐదవవాడైన సెంటర్ బుట్టకు సమీపంలో నిలుస్తాడు. సాధారణంగా జట్టులో అందరికంటె పొడగరి ఇతడే. తన బుట్టను కాపాడడం, గురి తప్పి వెనుకకు వచ్చిన బంతిని, అనగా రీబౌండును, చేజిక్కించుకొనడం, ఎదుటి బుట్ట దగ్గర బంతిని అందుకొని పాయింట్లు చేయడం ఇతని విధులు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్ పండ్ల బుట్టలను గోడకు పది అడుగుల ఎత్తున తగిలించి ఈ ఆటను ఆరంభించాడు. ఆ పది అడుగుల ఎత్తు నేటికీ మారలేదు. మారినవి నియమాలు. వాటిలో కొన్ని సెంటర్ల కారణంగానే మారినవి.

జార్జ్ మైకన్‌తో మొదలు పెట్టాలి. ఆరడుగుల పది అంగుళాల మనిషి, దళసరి కళ్ళద్దాలు పెట్టుకొని ఆడేవాడు. మినియాపొలిస్ లేకర్స్ జట్టుకు 1949 నుండి 1954 వరకు ఐదు విజేతృత్వాలు సంపాదించి పెట్టాడు. అతనిని ఆపడం చేతగాక నియమకర్తలు 1951లో బుట్ట క్రింది నిషిద్ధ ప్రాంతాన్ని ఆరడుగుల వెడల్పు నుండి పన్నెండు అడుగులకు పెంచారు. దాడి చేసేవాడు ఆ ప్రాంతంలో మూడు సెకన్లకు మించి నిలువరాదు కనుక, మైకన్ బుట్టకు దూరంగా జరగవలసి వచ్చింది. అతనిని ఓడించడానికి 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ జట్టు మరొక ఉపాయం పన్నింది. బంతిని చేత పట్టుకొని కాలం గడిపివేసింది. ఆట 19–18తో ముగిసింది. లేకర్స్ చేసిన 18 పాయింట్లలో 15 మైకన్‌వే. ఇట్టి ఆటను డబ్బిచ్చి ఎవరు చూస్తారు? 1954లో వచ్చిన ఇరువది నాలుగు సెకన్ల నియమం ఈ విధమైన ఆలస్యానికి స్వస్తి చెప్పింది. మైకన్ మార్గదర్శి, సందేహం లేదు. కాని నల్లజాతి ఆటగాళ్ళకు ఈ సంఘంలో ప్రవేశం 1950లో గాని లభించలేదు. దేశంలోని ఉత్తములందరితో అతడు తలపడలేదు కనుక అతనిని పోటీలో అగ్రస్థానానికి పరిగణించలేము.

అసలు వాదం బిల్ రస్సెల్, విల్ట్ చాంబర్లేన్‌లతో ప్రారంభమవుతుంది.

చాంబర్లేన్ ఏడడుగుల ఒక అంగుళం పొడగరి. ఫిలడెల్ఫియా నగరంలో 1936లో జన్మించాడు. అతని అంకెలు చదివినవారికి అచ్చుతప్పులేమో అనిపిస్తుంది. 1962 మార్చి 2న హెర్షీ అనే పట్టణంలో న్యూయార్క్ జట్టుపై ఒక్క ఆటలో నూరు పాయింట్లు చేశాడు. 1961–62 ఆటల సంవత్సరంలో ఎనభై ఆటలలో 4,029 పాయింట్లు, అనగా ఆటకు సగటున 50.4. ఆట నిడివి నలభై ఎనిమిది నిమిషాలు. ఆ ఏడు అతడు ఆటకు సగటున ఆడిన కాలం నలభై ఎనిమిదిన్నర నిమిషాలు! అదనపు కాలంలో కూడా ఆడినందున ఇట్టి విచిత్రమైన లెక్క తేలింది. జీవితమంతటిలో 23,924 రీబౌండ్లు తీసి నెలకొల్పిన రికార్డు నేటికీ చెక్కు చెదరలేదు. అతని వలన 1964లో నిషిద్ధ ప్రాంతాన్ని మరల పెంచి పదహారు అడుగులు చేశారు.

రస్సెల్ 1934లో లూసియానా రాష్ట్రంలోని మన్రోలో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పెరిగాడు. అతని అంకెలు చాంబర్లేన్ అంకెల ప్రక్కన వెలవెలబోతాయి. ఆటకు సగటున పదిహేను పాయింట్లు మాత్రమే. వేసిన బంతులలో బుట్టలో పడినవి నూటికి నలభై నాలుగు. అంకెలు చూచి వరుస పెట్టేవారు ఇతనిని నాలుగవ స్థానానికో ఐదవ స్థానానికో త్రోసివేయడంలో ఆశ్చర్యం లేదు.

అయితే 1961–62లో ఏమి జరిగిందో చూడండి. అది చాంబర్లేన్ సగటున 50.4 పాయింట్లు చేసిన సంవత్సరం. ఆ కాలంలో అత్యంత విలువైన ఆటగాడెవరో తేల్చే ఓటు పత్రికలవారి చేతిలో లేదు. ఆటగాళ్ళే ఒకరికొకరు ఓటు వేసుకొనేవారు. వారు ఎన్నుకొన్నది చాంబర్లేన్‌ను కాదు, రస్సెల్‌ను. చాంబర్లేన్ చేతిలో దెబ్బలు తిన్నవారే, అతడు తమపై యాభై, అరవై పాయింట్లు చేస్తూ ఉండగా చూచినవారే, ఇతడు అంతకంటె విలువైనవాడని వ్రాసి ఇచ్చారు. ఆ వసంతంలో రెండు జట్లూ తలపడినప్పుడు రస్సెల్ ఆడిన బోస్టన్ సెల్టిక్స్ ఏడవ ఆటలో రెండు పాయింట్ల తేడాతో గెలిచింది.

ఆటగాళ్ళకు కనబడి అంకెల పట్టికకు కనబడనిది ఏమిటి? ఎదుటివాడు బుట్టలోకి వేయబోయే బంతిని గాలిలోనే అడ్డుకొనడాన్ని బ్లాక్ అంటారు. ఈ బ్లాకులను అమెరికా వృత్తి సంఘం లెక్కించడం మొదలు పెట్టింది 1973–74లో. రస్సెల్ విరమించినది 1969లో, చాంబర్లేన్ 1973లో. అనగా ఈ ఇద్దరి పేరిట అధికారిక రికార్డులలో ఒక్క బ్లాకైనా లేదు! రస్సెల్ జీవితకాలపు ప్రధాన కార్యమే బంతిని అడ్డుకొనడం. పద్యం వ్రాసినవాని ఖాతాలో పద్యాలను లెక్కించక అక్షరదోషాలను మాత్రం లెక్కించినట్లయింది. పైగా రస్సెల్ అడ్డుకొన్న బంతిని ప్రేక్షకులపైకి కొట్టి చప్పట్లు కొట్టించుకొనేవాడు కాడు. కోర్టులోనే ఉండేటట్లు మెల్లగా తట్టి తన జట్టువానికి అందేటట్లు చేసేవాడు. ఎదుటివాని ప్రయత్నం మరుక్షణంలో తన జట్టు దాడిగా మారేది. ఆ పాయింట్లు మరొకరి పేర వ్రాయబడేవి. అడ్డుకొననవసరం లేకుండానే, అతడున్నాడనే భయంతో ఎదుటివారు మానుకొన్న ప్రయత్నాలెన్నో! అవి ఏ పట్టికలోనూ ఎక్కవు, ఎక్కనేరవు.

దీనికి ప్రతివాదం ఉన్నది; అది బలమైనదే. రస్సెల్ జట్టులో బాబ్ కూజీ, శామ్ జోన్స్, జాన్ హావ్లిచెక్ వంటి దిగ్గజాలు ఉన్నారు. రెడ్ అవర్‌బాక్ వంటి శిక్షకుడు ఉన్నాడు. అతడు వచ్చిననాడు సంఘంలో ఉన్నవి ఎనిమిది జట్లే. అట్టి పరిస్థితులలో ఎవరైనా గెలుస్తారు అంటారు. దీనిని పరీక్షించడానికి మేము ఒక సులభమైన పద్ధతిని అనుసరించాము. ఆటగాడు వచ్చినప్పుడు జట్టు ఏమైనది? పోయినప్పుడు ఏమైనది?

వచ్చినప్పటి పరీక్షలో గొప్ప సెంటర్లందరూ ఉత్తీర్ణులే. చాంబర్లేన్ రాకకు ముందు ఫిలడెల్ఫియా 32 గెలిచి 40 ఓడింది. అతడు వచ్చిన ఏడు 49 గెలిచి 26 ఓడింది. మిల్వాకీ జట్టు 27 గెలుపుల నుండి 56 గెలుపులకు ఎగబ్రాకింది కరీమ్ అబ్దుల్ జబ్బార్ రాకతో. హ్యూస్టన్ జట్టు 29 నుండి 48కి చేరింది హకీమ్ ఒలాజువాన్ రాకతో. ఇక సెల్టిక్స్ సంగతి. కూజీ వంటి గార్డు ఉండి కూడా రస్సెల్ రాకకు ముందు ఆ జట్టు ఒక్కసారియైనా విజేత కాలేదు. అతడు వచ్చిన 1956–57లోనే విజేత అయినది. అది మొదలు అతడు ఆడిన పదమూడు సంవత్సరాలలో పదకొండు మార్లు విజేత. ఏడవ ఆట వరకు సాగిన పోటీలలో పదింటికి పది గెలిచాడు.

పోయినప్పటి పరీక్ష ఇంతకంటె ఆశ్చర్యకరం. రస్సెల్ చివరి సంవత్సరమైన 1968–69లో సెల్టిక్స్ 48 ఆటలు గెలిచి 34 ఓడింది, విజేతగా నిలిచింది. ముప్పది అయిదేండ్ల రస్సెల్ మోకాళ్ళు అరిగిపోయి, ఆటగాడుగానూ శిక్షకుడుగానూ రెండు బరువులు మోస్తున్న కాలమది. అతడు వెళ్ళిన మరుసటి ఏడు అదే జట్టు 34 గెలిచి 48 ఓడింది. అంకెలు అద్దంలో చూచినట్లు తిరగబడినవి. హావ్లిచెక్ అప్పుడూ ఉన్నాడు, ఆ ఏడు తన ఆటను మరింత మెరుగుపరచుకొన్నాడు కూడా. పోయినది ప్రధానంగా ఆ పదిహేను పాయింట్లవాడే; అతనితోపాటు శామ్ జోన్స్ కూడా విరమించాడన్నది నిజమే గాని, అంతటి పతనానికి అదొక్కటే కారణం కాజాలదు.

ఇక్కడ మన హైదరాబాదు ప్రసక్తి తేక తప్పదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రస్సెల్ అమెరికా జట్టులో ఆడి స్వర్ణపతకం పొందాడు. అదే మెల్బోర్న్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగవ స్థానం సంపాదించింది. ఆసియా దేశమేదీ అంతకుముందు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరి ఉండలేదు. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం; ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసినవాడు; 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో తలకు గాయమైన జర్నైల్ సింగును, అతని స్వస్థానమైన రక్షణ నుండి తప్పించి సెంటర్ ఫార్వర్డుగా నిలిపాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై జర్నైల్ తలతో గోలు చేశాడు; మనం 2–1తో గెలిచాము. స్థానమనేది పొడవును బట్టి, బలాన్ని బట్టి మాత్రమే కాక, తక్కిన ఆటగాళ్ళకు ఏది అవసరమో దానిని బట్టి నిర్ణయం కావాలని రహీం సాహెబుకు తెలుసు. బోస్టన్‌లో అవర్‌బాక్‌కు తెలిసినదీ అదే. ఒకరి పేరు మరొకరు విని ఉండకపోవచ్చును.

ఇక మన విద్యార్థులకు మిక్కిలి ప్రీతిపాత్రుడు కరీమ్ అబ్దుల్ జబ్బార్. న్యూయార్క్‌లో 1947లో ల్యూ ఆల్సిండర్‌గా జన్మించాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ జట్టు తరఫున మూడేండ్లు ఆడి మూడేండ్లూ విజేత అయినాడు. ఆ మూడేండ్లలో 88 ఆటలు గెలిచి 2 మాత్రమే ఓడాడు. అతని తొలి విజేతృత్వం తరువాత, 1967లో, కళాశాలల ఆటలో బంతిని పైనుండి బుట్టలోకి కుక్కే 'డంక్'ను నిషేధించారు. ఆ నిషేధం 1976 వరకు సాగింది. కుక్కడం కుదరనందున అతడు దూరం నుండి వేసే విద్యకు మెరుగు పెట్టుకొన్నాడు. అదే 'స్కై హుక్'. ప్రక్కకు తిరిగి, ఎడమ భుజాన్ని ఎదుటివానికీ బంతికీ మధ్య అడ్డుగోడగా ఉంచి, కుడిచేతిని పూర్తిగా పైకి చాచి, మణికట్టు విరుపుతో బంతిని బుట్టలోకి జారవిడవడం. ఏడడుగుల రెండంగుళాల మనిషి అట్లు వేసిన బంతిని అందుకొనడం ఎవరి తరం? ఇరువది సంవత్సరాల వృత్తి జీవితంలో 38,387 పాయింట్లు చేశాడు. ఆ రికార్డు 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్ జేమ్స్ దాటే వరకు నిలిచింది. ఆరు మార్లు విజేత, ఆరు మార్లు అత్యంత విలువైన ఆటగాడు. ఈ రెండవ సంఖ్యను ఇంతవరకు ఎవరూ అందుకొనలేదు.

1968లో ఇస్లాం స్వీకరించి, 1971లో మిల్వాకీకి విజేతృత్వం సాధించిన వెనువెంటనే తన కొత్త పేరును లోకానికి ప్రకటించాడు. కీర్తి శిఖరం మీద ఉన్నవాడు, తన పాత పేరు మార్కెట్టులో రూపాయలు తెచ్చిపెడుతున్నప్పుడు, దానిని వదులుకొనడం సామాన్యం కాదు. రస్సెల్ కూడా ఇట్టి మనిషే. 1961 అక్టోబరులో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో తన సహచరులకు నల్లవారనే కారణంతో భోజనశాలలో వడ్డన నిరాకరించగా, అతడూ అతని నల్లజాతి సహచరులూ ఆనాటి ప్రదర్శన పోటీని ఆడక విమానమెక్కి వెళ్ళిపోయారు. 1966లో అతడు సెల్టిక్స్ శిక్షక పదవి స్వీకరించి, ఈ సంఘంలో ఆ పదవి వహించిన తొలి నల్లజాతీయుడైనాడు. ఈ విషయాలు ఆటగాళ్ళ వ్యక్తిత్వాన్ని తెలుపుతాయి. వాటిని గౌరవిస్తాము. కాని ఒక మాట స్పష్టంగా చెప్పాలి: పేరు మనదైనంత మాత్రాన తీర్పు అటు మొగ్గరాదు. మా బృందంలో కొందరు కరీమ్‌కూ హకీమ్‌కూ ఓటు వేసినది ఆట చూచియా, పేరు చూచియా అని మేము ఒకరినొకరం గట్టిగానే నిలదీసుకొన్నాము. ఇతరుల పక్షపాతం వలన నష్టపోయినవారు తాము తూచేటప్పుడు త్రాసును మరింత జాగ్రత్తగా పట్టుకోవాలి.

హకీమ్ ఒలాజువాన్ విషయంలో ఆ త్రాసు నిజంగానే అతని వైపు చాలా దూరం మొగ్గుతుంది. 1963లో నైజీరియాలోని లాగోస్‌లో పుట్టాడు. బాల్యంలో ఆడినది ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరు. బాస్కెట్‌బాల్ పట్టుకొన్నది సుమారు పదిహేనవ యేట. ఆ ఆలస్యమే వరమైనది. ఫుట్‌బాల్ మైదానం అతనికి ఇచ్చిన పాదాల వడి మరే సెంటరుకూ లేదు. బుట్టకు వీపు పెట్టి నిలిచి, ఒక భుజంతో ఇటు వెళ్ళబోతున్నట్లు నటించి, ఎదుటివాడు కదలగానే అటు తిరిగి బంతి వేసే అతని విద్యకు 'డ్రీమ్ షేక్' అని పేరు. 1993–94లో అత్యంత విలువైన ఆటగాడు, ఉత్తమ రక్షకుడు, ఫైనల్స్‌లో ఉత్తముడు అనే మూడు బిరుదులనూ ఒకే ఏడు పొందాడు. ఇది మరెవరికీ సాధ్యం కాలేదు. 1994, 1995లలో వరుసగా విజేత. 3,830 బ్లాకులతో లెక్కకెక్కిన వారిలో ప్రథముడు. 1995 ఫిబ్రవరిలో రంజాన్ నెల వచ్చింది. రోజా పాటిస్తూ, పగలు జరిగిన ఆటలలో మంచినీరైనా ముట్టక ఆడి, ఆ నెలకు సంఘపు ఉత్తమ ఆటగాడుగా ఎంపికైనాడు.

రెండు వైపులా, అనగా దాడిలోనూ రక్షణలోనూ, సమానంగా ఉత్తముడెవరని అడిగితే మా సమాధానం హకీమే. కాని అతని శిఖర దశ కొద్ది సంవత్సరాలది. 1988 నుండి 1992 వరకు అతని జట్టు ప్లేఆఫ్ పోటీలలో తొలి మెట్టును కూడా దాటలేదు. తోడు సరిగా లేదనవచ్చును, నిజమే. రస్సెల్‌కు తోడున్నదని తగ్గించి, హకీమ్‌కు తోడు లేదని హెచ్చించడం మాత్రం ఒకే కొలబద్ద కాదు.

మిగిలినవారిని త్వరగా చెప్పి ముగిస్తాము. మోసెస్ మలోన్ ఉన్నత పాఠశాల నుండి నేరుగా వృత్తి క్రీడలో ప్రవేశించి మూడు మార్లు అత్యంత విలువైన ఆటగాడైనాడు. రీబౌండును కష్టించి సంపాదించడంలో అతనికి సాటి లేదు. షకీల్ ఓనీల్ 2000, 2001, 2002లలో వరుసగా విజేత. ఆ మూడేండ్లూ ఫైనల్స్‌లో ఉత్తముడు. బలంలో అతనిని ఢీకొన్నవారు లేరు. కాని ఎవరూ అడ్డు రాని ఫ్రీ త్రోలలో సగానికి కొంచెం మించి మాత్రమే వేయగలిగేవాడు కనుక, చివరి నిమిషాలలో ప్రత్యర్థులు కావాలనే అతనిపై ఫౌలు చేసేవారు. సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్ 2014 ఎంపికలో 41వ వాడుగా వచ్చి, 2021, 2022, 2024లలో అత్యంత విలువైన ఆటగాడై, 2023లో డెన్వర్‌ను విజేతను చేశాడు. బంతిని అందించడంలో ఇతనికి మించిన సెంటరు పుట్టలేదు. ఇతడు ఇంకను ఆడుతున్నాడు. తీర్పుకు తొందర లేదు. వృత్తి బాస్కెట్‌బాల్ అనగానే పురుషులనే తలచడం కూడా ఉచితం కాదు. లాస్ ఏంజిలిస్ స్పార్క్స్ సెంటర్ లీసా లెస్లీ 2001, 2002లలో విజేత, మూడు మార్లు అత్యంత విలువైన క్రీడాకారిణి, నాలుగు ఒలింపిక్ స్వర్ణపతకాలు పొందినది. మా కళాశాల విద్యార్థినులు ఆమె ఆటను తప్పక చూడాలి.

మన దేశం నుండి ఈ స్థానానికి వెళ్ళినవాడు పంజాబు రాష్ట్రం బర్నాలా జిల్లా బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్. ఏడడుగుల రెండంగుళాలు, అనగా కరీమ్‌కు సరిసమానమైన ఎత్తు. 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా అతనిని తీసుకొన్నది. భారతదేశంలో పుట్టినవారిలో అట్లు ఎంపికైన ప్రథముడు. కాని ఆ సంఘపు అసలు పోటీలో ఒక్క నిమిషమైనా ఆడే అవకాశం అతనికి దక్కలేదు. ఎత్తు చాలకపోవడం కారణం కాదని వేరుగా చెప్పనవసరం లేదు. మన పాఠశాలలలో పొడవైన పిల్లవాడు కనబడగానే 'నీవు బుట్ట క్రింద నిలుచో, బంతి వస్తే వేయి' అంటారు. పాదాల కదలిక, బంతి అందించడం, ఎదుటివాని ఆలోచన ముందుగా పసిగట్టడం పొట్టివారికే నేర్పుతారు. పొడగరికి నేర్పరు. హకీమ్ పాదాలను తయారు చేసినది ఫుట్‌బాల్ అని ఇంతకు ముందే చూచాము. గోపన్‌పల్లికి చేరువలో, గచ్చిబౌలిలో, 2002 జాతీయ క్రీడలకై నిర్మించిన విశాలమైన క్రీడాప్రాంగణం ఉన్నది. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఉన్నంత ఘనచరిత్ర మరే నగరానికో గాని లేదు. కళాశాల కమిటీ పెద్దలు దయతో ఆలోచించి, బాస్కెట్‌బాల్ జట్టులోని పొడగరులను వారానికి రెండు దినాలు ఫుట్‌బాల్ ఆడించే ఏర్పాటు గావిస్తే బాగుంటుందని మా మనవి. దీనికి ఖర్చు లేదు. ఒక బంతి చాలును.

ఇక తీర్పు. అన్ని సంవత్సరాలనూ కలిపి ఎవరి వృత్తి జీవితం గొప్పదని అడిగితే కరీమ్‌ది. ఒక్కడుగా ఎవరు మహాబలుడని అడిగితే చాంబర్లేన్. విద్యలో పూర్ణుడెవరని అడిగితే హకీమ్. కాని ప్రశ్న 'సెంటర్' ఎవరని. మిగిలిన నలుగురూ ఎవనిని నమ్ముకొని తమ స్థానాలు వదిలి ముందుకు దూకగలరో, వెనుక వాడున్నాడు కదా అని ఎవనిని చూచి ధైర్యపడతారో అతడే సెంటర్ అని మేము నిర్వచించుకొన్నాము. ఆ నిర్వచనం ప్రకారం అధికసంఖ్యాకుల ఓటు బిల్ రస్సెల్‌కు పడింది. అతడు 2022 జూలై 31న మరణించగా, సంఘంలోని అన్ని జట్లూ అతని ఆరవ నంబరును ఇకపై ఎవరికీ ఇవ్వరాదని నిర్ణయించినవి. ఆ సంఘం అట్టి గౌరవం అంతకు ముందు మరే ఆటగానికీ ఇచ్చి ఉండలేదు.

మా బృందంలో ఇద్దరు మాత్రం ఈ తీర్పుపై సంతకం చేయలేదు. వారు కరీమ్ పక్షం. వారి వాదాన్ని కూడా ఇక్కడ వ్రాయడం న్యాయం. 1985 ఫైనల్స్ తొలి ఆటలో బోస్టన్ చేతిలో లేకర్స్ 148–114తో చిత్తుగా ఓడింది. కరీమ్ చేసినవి 12 పాయింట్లు, తీసినవి మూడే రీబౌండ్లు. వయసు ముప్పది ఎనిమిది. ఇతని పని అయిపోయిందని అందరూ అన్నారు. రెండవ ఆటలో అతడు 30 పాయింట్లు చేసి, 17 రీబౌండ్లు తీసి, 8 మార్లు సహచరులకు బుట్ట వేసే బంతి అందించాడు. లేకర్స్ ఆ పోటీని గెలిచింది. ఫైనల్స్‌లో ఉత్తముడుగా అతడే ఎంపికైనాడు. రస్సెల్ విరమించిన వయసుకు మూడేండ్లు పైబడిన వయసులో ఇంత చేసినవాడిని రెండవ స్థానంలో ఎట్లు కూర్చోబెడతారని ఆ ఇద్దరూ అడుగుతున్నారు. చర్చ వచ్చే శనివారం కూడా సాగుతుంది.